పేడ అలికిన కోర్టుల నుంచి: సానియా మీర్జా టెన్నిస్ ప్రస్థానం

సానియా మీర్జా 2003లో ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వచ్చి, 2023 ఫిబ్రవరి 21న దుబాయ్‌లో చివరి మ్యాచ్ ఆడింది. ఈ ఇరవై ఏళ్లలో ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే డబ్ల్యూటీఏ టూర్‌లో 43 డబుల్స్ టైటిళ్లు, ఒక సింగిల్స్ టైటిల్ గెలుచుకుంది. డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా 91 వారాలు ఉంది. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. పత్రికలు ఎక్కువగా చెప్పేది డబుల్స్ ఘనతల గురించే. అయితే మన దేశంలో ఆడపిల్లల టెన్నిస్ అంతవరకు ఎక్కడ ఉందో తెలిసినవారికి ఆ 27 అనే అంకె కూడా అంతే పెద్దది.

1986 నవంబరు 15న ముంబయిలో పుట్టిన సానియా పసితనంలోనే తల్లిదండ్రులతో హైదరాబాద్ వచ్చేసింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా, తల్లి నసీమా. బంధువర్గంలో ఆటగాళ్లకు కొదవ లేదు. భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ వాళ్ల బంధువే. ఆరేళ్ల వయసులో ఆమెను నిజాం క్లబ్‌లో టెన్నిస్‌కు తీసుకెళితే, పిల్ల మరీ చిన్నదని అక్కడి కోచ్ మొదట వద్దన్నాడు. నెల తిరిగేసరికి అదే కోచ్ తల్లిదండ్రులను పిలిపించి, ఈ వయసులో ఇలా ఆడే పిల్లను తానెక్కడా చూడలేదన్నాడు.

అప్పటి హైదరాబాద్‌లో టెన్నిస్ అంటే క్లబ్బుల ఆట. అధికారులు, డాక్టర్లు, వ్యాపారులు సాయంత్రం పూట ఆడుకునేది. నగరానికి టెన్నిస్ వారసత్వం లేదని కాదు. డేవిస్ కప్‌లో దేశానికి ఆడి, తర్వాత ఆ జట్టుకే కెప్టెన్‌గా పనిచేసిన ఎస్.పి.మిశ్రా ఈ ఊరివాడే. అయితే ఒక చిన్నపిల్ల రోజుకు నాలుగైదు గంటలు సాధన చేయడానికి తగిన హార్డ్ కోర్టులు, ఫిట్‌నెస్ శిక్షకులు, సమవుజ్జీలైన ప్రత్యర్థులు మాత్రం లేరు. తాను ఆట నేర్చుకున్నది పేడతో అలికిన కోర్టుల మీదనేనని సానియా తర్వాతి రోజుల్లో చాలాసార్లు చెప్పింది. ఇంటి ముంగిలిలా మట్టి చదును చేసి, పేడనీళ్లతో అలికి, సున్నంతో గీతలు గీసిన కోర్టులో బంతి ఎక్కడ ఎలా లేస్తుందో చెప్పలేం. పైగా నెమ్మదిగా వస్తుంది. అలాంటి చోట పాయింటు దక్కాలంటే వచ్చిన బంతిని సొంత బలంతో బాదాలి. సానియా ఫోర్‌హ్యాండ్‌లోని దెబ్బకు ఈ నేల కూడా ఒక కారణం అనుకోవడం తప్పు కాదు.

శిక్షణ భారం ఎక్కువగా తండ్రి మీదే పడింది. టెన్నిస్ ఆటగాడు మహేష్ భూపతి తండ్రి సి.జి.కె.భూపతి దగ్గర, సికింద్రాబాద్‌లోని సిన్నెట్ అకాడమీలో కూడా ఆమె మెలకువలు నేర్చుకుంది. ఖైరతాబాద్ నాసర్ స్కూల్లో చదువు, ఆ తర్వాత సెయింట్ మేరీస్ కాలేజీ. టోర్నీలకు కుటుంబమంతా కారులో బయల్దేరేది. టెన్నిస్ ఖర్చుతో కూడిన ఆట. పన్నెండు, పదమూడేళ్ల పిల్లను విదేశీ జూనియర్ టోర్నీలకు పంపాలంటే విమానం టికెట్లకే ఒక మధ్యతరగతి ఇంటి ఏడాది సంపాదన చాలదు. హైదరాబాద్‌కే చెందిన జీవీకే సంస్థ ఆ వయసులోనే అండగా నిలబడడం ఆమె అదృష్టం. ఇలాంటి అండ దొరకని పిల్లలు ఎందరు పదిహేనేళ్లకే రాకెట్ అటక మీద పెట్టేశారో లెక్క లేదు.

పేరు మొదట బయటికొచ్చింది 2002లో. బుసాన్ ఆసియా క్రీడల్లో పదిహేనేళ్ల సానియా లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. మరుసటి ఏడాది వింబుల్డన్ బాలికల డబుల్స్‌లో రష్యాకు చెందిన అలీసా క్లెయ్‌బనోవాతో జోడీ కట్టి టైటిల్ సాధించింది. రామనాథన్ కృష్ణన్, రమేశ్ కృష్ణన్, పేస్ బాలుర విభాగంలో గెలిచిన వింబుల్డన్‌లో బాలికల వైపు ఒక భారతీయురాలి పేరు చేరడం అదే మొదలు. ఆ అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు ఆమె మెడలో పడ్డాయి.

అసలు కథ నడిచింది ఫతే మైదాన్‌లో. 1687లో గోల్కొండ పతనమయ్యాక మొఘల్ సేనలు విజయోత్సవం జరుపుకున్న మైదానం కనుక ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడది లాల్‌బహదూర్ స్టేడియం. 2003 నుంచి మూడేళ్లపాటు ఇక్కడ డబ్ల్యూటీఏ టోర్నీ హైదరాబాద్ ఓపెన్ జరిగింది. మహిళల టూర్ అడుగు వరుసలో ఉండే చిన్న టోర్నీ అది. అయినా దానివల్ల ఈ నగరానికి జరిగిన మేలు కొలవలేనిది. మొదటి ఏడాది నిర్వాహకులు ఇచ్చిన వైల్డ్‌కార్డుతో దిగిన పదహారేళ్ల సానియా, ఆస్ట్రేలియాకు చెందిన ఎవీ డొమినికోవిచ్ చేతిలో మూడు సెట్లలో తొలి రౌండ్‌లోనే ఓడింది. రెండో ఏడాది దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్ టైటిల్ గెలిచింది. ఫైనల్లో వాళ్లు ఓడించిన చైనా జోడీ లీ టింగ్, సున్ టియన్‌టియన్ అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం నెగ్గారంటే ఆ గెలుపు విలువ తెలుస్తుంది. మూడో ఏడాది, 2005 ఫిబ్రవరి 12న, సింగిల్స్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అలోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. ఒక భారతీయ మహిళ గెలిచిన తొలి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అది. ఒకే ఊళ్లో, మూడు ఫిబ్రవరుల్లో, తొలి రౌండ్ ఓటమి నుంచి సింగిల్స్ టైటిల్ దాకా ఎదిగింది. సొంత ఊళ్లో టోర్నీ లేకుంటే ఆ మొదటి వైల్డ్‌కార్డు ఎక్కడిది? 2006లో ఆ టోర్నీ బెంగళూరుకు తరలిపోయింది.

2005 ఆమె జీవితంలో ఒక ప్రభంజనం. ఏడాది మొదట్లో ర్యాంకు వందకు చాలా అవతల ఉంది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ చేరి సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్లిన భారతీయురాలు అంతకుముందు లేదు. ఆ పైన హైదరాబాద్ టైటిల్. మార్చిలో దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2తో వరుస సెట్లలో ఓడించింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌లో మషోనా వాషింగ్టన్, మరియా ఎలెనా కామెరిన్, మరియన్ బర్తోలీని దాటి నాలుగో రౌండ్ చేరింది. అక్కడ మరియా షరపోవా ఆపింది. ఆ ఏడాది ఉత్తమ వర్ధమాన క్రీడాకారిణిగా డబ్ల్యూటీఏ ఆమెను ఎంపిక చేసింది. 2004 సంవత్సరానికి అర్జున, 2006లో పద్మశ్రీ వచ్చాయి.

ఇంత వేగంగా వచ్చిన పేరు తనతోపాటు బరువూ తెచ్చింది. ఆట దుస్తుల మీద కొందరు మతపెద్దలు అభ్యంతరం చెప్పడంతో, 2005లో కోల్‌కతా టోర్నీలో ఆమెకు గట్టి పోలీసు బందోబస్తు పెట్టాల్సివచ్చింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిది కూడా నిండలేదు. కోర్టులో ఎలా ఆడిందన్న మాటకంటే కోర్టు బయట ఏమన్నది, ఏం కట్టుకున్నది అన్న చర్చే పెద్దదైంది. వివాదాలతో విసిగి 2008లో బెంగళూరు టోర్నీకే వెళ్లడం మానుకుంది. ఆ వయసు మగ ఆటగాడెవరికీ ఇలాంటి ప్రశ్నలు ఎదురుకాలేదు.

ఆమె ఆటలో ప్రాణం ఫోర్‌హ్యాండ్. మణికట్టును కొరడాలా విదిలించి కొట్టే ఆ దెబ్బను అడ్డుకోవడం అగ్రశ్రేణి వాళ్లకే కష్టమయ్యేది. సర్వీసు, ముఖ్యంగా రెండో సర్వీసు, అంత పదునైనది కాదు. కోర్టులో అటూ ఇటూ పరుగు కూడా ఆమె బలం కాదు. ఈ రెండు లోపాలతో కూడా 2007 వేసవిలో అమెరికా హార్డ్ కోర్టుల మీద వరుసగా గెలిచి, స్టాన్‌ఫర్డ్ టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లి, ఆగస్టు 27న 27వ ర్యాంకు అందుకుంది. అంతకు ముందటి ఏడాది కొరియాలో మార్టినా హింగిస్‌ను కూడా ఓడించింది. అదే హింగిస్ తొమ్మిదేళ్ల తర్వాత సానియా పక్కన నిలబడుతుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఏ మణికట్టు ఆమెను పైకి తెచ్చిందో అదే ఆమెను కుంగదీసింది. 2008లో కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో తొలి మ్యాచ్ మధ్యలోనే నొప్పితో తప్పుకుంది. మోకాళ్లకూ శస్త్రచికిత్సలు తప్పలేదు. ఆ తర్వాత 2012 దాకా సింగిల్స్ ఆడినా, శరీరం మునుపటిలా సహకరించలేదు. చివరికి సింగిల్స్ పూర్తిగా వదిలేసి డబుల్స్‌కే పరిమితమైంది.

దీన్ని వెనకడుగు అన్నవాళ్లున్నారు. టెన్నిస్ కొలతలు తెలిస్తే ఆ మాట అనరు. కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కు 36. అంటే సింగిల్స్‌లో ఒక్క మనిషి 27 అడుగులు కాయాలి. డబుల్స్‌లో వంతుకు వచ్చేది 18 అడుగులే. పరుగు తగ్గుతుంది. దాని బదులు చూపు, చేతివాటం, నెట్ దగ్గర కనురెప్పపాటులో తీసుకునే నిర్ణయం ముఖ్యమవుతాయి. కుడివైపు నిలబడి ప్రత్యర్థి సర్వీసును ఫోర్‌హ్యాండ్‌తో తిప్పికొట్టడమే ప్రధాన బాధ్యత అయినప్పుడు సానియాలోని లోపాలు మరుగునపడి, బలం పదింతలైంది. తన శరీరం ఏది చేయగలదో, ఏది చేయలేదో ఆమె నిర్దాక్షిణ్యంగా లెక్కవేసుకుని ఎంచుకున్న దారి ఇది. ఆమె మొత్తం ఆటజీవితంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం కూడా ఇదే.

గ్రాండ్‌స్లామ్ టైటిళ్లలో మొదటి మూడు మిక్స్‌డ్ డబుల్స్‌వి. బీజింగ్‌లో నొప్పితో బయటికి నడిచిన ఐదారు నెలలకే, 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో మహేష్ భూపతితో కలిసి నథాలీ డెషీ, ఆండీ రామ్ జోడీని 6-3, 6-1తో ఓడించింది. సీనియర్ స్థాయిలో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. 2012లో భూపతితోనే ఫ్రెంచ్ ఓపెన్, 2014లో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ గెలిచింది. మహిళల డబుల్స్‌లో 2011లో ఎలెనా వెస్నినాతో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చేరి ఓడింది.

2012 లండన్ ఒలింపిక్స్ ముందు భారత టెన్నిస్‌లో పెద్ద రభస రేగింది. పేస్‌తో ఆడేందుకు భూపతి, రోహన్ బోపన్న ఒప్పుకోలేదు. పేస్‌కు మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియాను జోడీగా ఇస్తామని టెన్నిస్ సంఘం చెప్పింది. సానియా భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి అప్పటికి నెల కూడా కాలేదు. ఒక పెద్ద ఆటగాడిని బుజ్జగించడానికి తనను ఎరగా వాడుకున్నారని సానియా బహిరంగ ప్రకటనలో తప్పుపట్టింది. ఎవరితో ఆడమన్నా దేశం కోసం ఆడతానని చెబుతూనే, భారత మహిళా టెన్నిస్‌కు దక్కుతున్న గౌరవం ఇదేనా అని నిలదీసింది. మన క్రీడా సంఘాల మీద ఒక క్రీడాకారిణి చేసిన సూటి విమర్శల్లో ఇది మొదటి వరుసలో ఉంటుంది.

2013లో సానియాకు జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్ తోడైంది. 2014లో సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ తుదిపోరులో సీ సు-వీ, పెంగ్ షువాయి జోడీని 6-1, 6-0తో చిత్తుచేశారు. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో, మరో తెలుగు ఆటగాడు సాకేత్ మైనేనితో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. 2006 దోహా క్రీడల్లో పేస్‌తో గెలిచిన స్వర్ణానికి ఇది తోడు. తెలంగాణ ఏర్పడి రెండు నెలలు నిండకముందే రాష్ట్ర ప్రభుత్వం ఆమెను ప్రచారకర్తగా నియమించింది.

2015 మార్చిలో హింగిస్‌తో జోడీ కుదిరింది. హింగిస్ ఎడమవైపు తన బ్యాక్‌హ్యాండ్‌తో, నెట్ దగ్గర చురుకైన చేతులతో నిలిచేది. సానియా కుడివైపు వెనుక నుంచి బాదేది. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చుకునే ఇలాంటి జోడీ టెన్నిస్‌లో అరుదు. కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలు, ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్, మూడూ గెలిచారు. 2015 ఏప్రిల్ 13న వెలువడిన జాబితాలో సానియా ప్రపంచ నంబర్ వన్. ఆ స్థానం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే.

ఆ జులైలో వింబుల్డన్ ఫైనల్ ఇద్దరి ఆటజీవితాల్లోనూ మరచిపోలేనిది. రష్యా జోడీ మకరోవా, వెస్నినా తొలి సెట్ 7-5తో గెలిచారు. రెండో సెట్ టైబ్రేక్‌లో సానియా, హింగిస్ నిలదొక్కుకున్నారు. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5కు లాక్కొచ్చారు. వెలుతురు తగ్గి సెంటర్ కోర్టు పైకప్పు మూసేదాకా ఆట ఆగింది. దీపాల కింద మళ్లీ మొదలయ్యాక వరుసగా రెండు గేములు తీసుకుని 7-5తో ముగించారు. బాలికగా పన్నెండేళ్ల కిందట గెలిచిన వింబుల్డన్‌లోనే సానియా తొలి మహిళల డబుల్స్ గ్రాండ్‌స్లామ్ అందుకుంది. తర్వాత యూఎస్ ఓపెన్, డబ్ల్యూటీఏ ఫైనల్స్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ వరుసగా వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఓడేలోపు వాళ్లు వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. 1990లో జానా నొవోత్నా, హెలెనా సుకోవా సాధించిన 44 తర్వాత మహిళల డబుల్స్‌లో అంత పొడవైన వరుస అదే. 2016 ఆగస్టులో జోడీ విడిపోయేసరికి ఇద్దరూ కలిసి 14 టైటిళ్లు గెలిచారు. విడిపోయిన కొద్దిరోజులకే సిన్సినాటి ఫైనల్లో సానియా, బార్బొరా స్ట్రిత్సోవాతో కలిసి హింగిస్ జోడీనే ఓడించింది. 2015లో ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ్ ఆమెను వరించాయి.

తీరని లోటు ఒలింపిక్ పతకం. నాలుగు ఒలింపిక్స్ ఆడిన సానియా రియో 2016లో దానికి చాలా దగ్గరగా వెళ్లింది. మిక్స్‌డ్ డబుల్స్ సెమీఫైనల్లో బోపన్నతో కలిసి వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ చేతిలో ఓడింది. కాంస్యం కోసం జరిగిన పోరులో చెక్ జోడీ లూసీ హ్రాదెచ్కా, రాడెక్ స్టెపానెక్ 6-1, 7-5తో గెలిచారు. నాలుగో స్థానం ఎంత చేదో ఆటగాళ్లకే తెలుసు.

2018 అక్టోబరులో కొడుకు ఇజాన్ పుట్టాక ఆమె ఆట ముగిసినట్టేనని చాలామంది అనుకున్నారు. నెలల వ్యవధిలో 26 కిలోల బరువు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్‌లో, తిరిగొచ్చిన తొలి టోర్నీలోనే నదియా కిచెనోక్‌తో కలిసి టైటిల్ గెలిచింది. ఆ మార్చిలో దుబాయ్‌లో భారత జట్టు తొలిసారి ఫెడ్ కప్ (ఇప్పటి బిల్లీ జీన్ కింగ్ కప్) ప్లేఆఫ్‌కు అర్హత సాధించడంలోనూ ఆమె ఉంది. 2021 సెప్టెంబరులో చైనా క్రీడాకారిణి జాంగ్ షువాయితో గెలిచిన ఒస్ట్రావా ఓపెన్ 43వ, ఆఖరి డబుల్స్ టైటిల్. 2022 సీజన్‌తో ఆపేస్తానని ప్రకటించినా, మోచేతి గాయం వల్ల యూఎస్ ఓపెన్‌కు దూరమై, మైదానంలోనే వీడ్కోలు చెప్పాలని మరికొన్ని నెలలు ఆగింది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ చేరింది. పక్కన బోపన్న. పద్నాలుగేళ్ల వయసులో ఆమె తొలి మిక్స్‌డ్ డబుల్స్ జోడీ కూడా అతనే. ఆ ఫైనల్లో ఓడి, మరుసటి నెల దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో చివరి మ్యాచ్ ఆడి తప్పుకుంది. మార్చి 5న లాల్‌బహదూర్ స్టేడియంలో, తొలి టైటిళ్లు గెలిచిన ఆ కోర్టుల్లోనే, సొంత ఊరివాళ్ల ముందు వీడ్కోలు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది.

ఆటలో ఉండగానే, 2013లో ఆమె రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలం ముర్తుజాగూడలో టెన్నిస్ అకాడమీ స్థాపించింది. తనకు చిన్నప్పుడు దొరకని హార్డ్ కోర్టులు ఇప్పుడు చేవెళ్ల దారిలో పొలాల మధ్య ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఆ తర్వాత వచ్చిన అమ్మాయిల్లో సహజ యమలపల్లి, భమిడిపాటి శ్రీవల్లి రష్మిక దేశానికి ఆడుతున్నారు. 2025 ఏప్రిల్‌లో పుణేలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో శ్రీవల్లి ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచి, భారత్‌ను రెండోసారి ప్లేఆఫ్‌కు చేర్చింది. అయినా దూరాలు తగ్గలేదు. అదే జిల్లాలో సాగర్ రోడ్డు మీద ఉన్న ఇబ్రహీంపట్నం పిల్ల ఆ కోర్టులకు చేరాలంటే నగరాన్ని ఒక కొస నుంచి మరో కొసకు చుట్టుకుని పోవాలి. ఒక్క అకాడమీతో, ఒక కుటుంబం పూనికతో తీరే పని కాదిది. మండల కేంద్రానికి రెండు హార్డ్ కోర్టులు, ఏడాదికో అంతర్జాతీయ టోర్నీ ప్రభుత్వం, టెన్నిస్ సంఘం కలిసి ఇవ్వగలిగినవే. డబ్ల్యూటీఏ సింగిల్స్ ర్యాంకుల్లో తొలి వందలోకి వెళ్లిన భారతీయ మహిళ ఇప్పటికీ సానియా మీర్జా ఒక్కతే.